లండన్‌లో ట్రావెల్ అండ్ టూరిజం డిప్లొమా: కోర్సంతా ఒకెత్తు, ఆ రీఫండ్ పాఠం ఒకెత్తు

ముందే చెప్పేస్తున్నా, ఈ కోర్సులో నాకు ఇవాళ్టికీ పనికొస్తున్నది ఒక్క పాఠమే. హాలిడే కంపెనీ మునిగినా, టూర్ రద్దయినా కస్టమర్ కట్టిన డబ్బు ఎక్కడుంటుంది, వెనక్కి ఎలా వస్తుంది అన్నది. మిగతావాటిలో కొన్ని బాగున్నాయి, కొన్ని టైంపాస్. పశ్చిమ లండన్‌లో ఒక ఎఫ్‌ఈ కాలేజీలో (అంటే స్కూలయ్యాక పదహారేళ్ళ నుంచి చేరే కాలేజీ, పేరు ఎందుకులెండి) 2019 సెప్టెంబరులో చేరి 2021లో లెవెల్ 3 (మన ఇంటర్ స్థాయి) డిప్లొమాతో బయటికొచ్చాను. యూనిట్లు, గ్రేడ్లు, యూనివర్సిటీ అడ్మిషన్‌కి లెక్కేసే యూకాస్ పాయింట్లు ఏ కాలేజీ వెబ్‌సైట్లో చూసినా ఉంటాయి, వాటి జోలికి పోను.

మా బ్యాచ్ టైమింగ్ ఎలాంటిదంటే, క్లాసులో ఒకరి పేరు ఒకరికి ఇంకా సరిగ్గా తెలియని రోజుల్లోనే, సెప్టెంబరు 23 సోమవారం తెల్లవారేసరికి థామస్ కుక్ అనే పెద్ద హాలిడే కంపెనీ మూతపడింది. 1841లో లెస్టర్ నుంచి లాఫ్‌బరోకి జనాన్ని రైలెక్కించి మొదలుపెట్టిన పేరు అది, టూరిజం చరిత్ర అనగానే ఎవరైనా అక్కడినుంచే మొదలుపెడతారు. మా టీచర్ అంతకుముందు చాలాకాలం ట్రావెల్ షాపు కౌంటర్లో పనిచేసి వచ్చిన మనిషి. ఆ రోజు స్లైడ్లు పక్కన పెట్టేసి బోర్డు మీద ఒకే ప్రశ్న రాశారు: "మెనోర్కా దీవిలో ఉన్న కుటుంబం ఇప్పుడు ఇంటికెలా వస్తుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" ఎవరికీ తెలియదు. అప్పుడు చెప్పారు, విమానం కలిపి ప్యాకేజీ అమ్మే కంపెనీకి అటోల్ లైసెన్స్ ఉండాలని, తలకి రెండున్నర పౌండ్ల చొప్పున ఒక నిధికి కడతారని, అమ్మిన కంపెనీ చేతులెత్తేస్తే ఆ నిధి అడ్డుపడుతుందని. అప్పటికి దాదాపు లక్షన్నర మంది విదేశాల్లో ఉన్నారు, వాళ్ళను వెనక్కి తేవడానికి పౌర విమానయాన సంస్థ రెండు వారాలు విమానాలు నడిపింది. మేం రోజూ న్యూస్ చూసి వచ్చి క్లాసులో లెక్కలు వేసుకునేవాళ్ళం. అంత శ్రద్ధగా నేను ఇంకే సబ్జెక్టూ చదవలేదు.

అది మార్కుల కోసమే అనుకున్నా, ఆర్నెల్లు తిరక్కుండానే అవసరం పడింది.

హౌన్‌స్లోలో మా వెనక వీధిలో నాన్న ఫ్రెండ్ ఉంటారు, తెనాలి వాళ్ళు, మేం బాబాయ్ అంటాం. 2020 ఈస్టర్‌కి కుటుంబమంతా స్పెయిన్ దీవి టెనెరీఫ్ వెళ్ళడానికి ప్యాకేజీ తీసుకున్నారు. ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ కోసం పడ్డ తిప్పలు వేరే కథ. మార్చి 17న ప్రభుత్వం అత్యవసరమైతే తప్ప విదేశాలకు వెళ్ళొద్దంది, టూర్ రద్దయింది. కంపెనీ నుంచి ఎంతో తియ్యని ఈమెయిల్ వచ్చింది: మీ డబ్బు భద్రం, క్రెడిట్ నోట్ ఇస్తున్నాం, తర్వాత ఎప్పుడైనా వాడుకోండి అని. బాబాయ్ కాంట్రాక్టు ఉద్యోగం అదే నెలలో పోయింది. ఆయనకప్పుడు టెనెరీఫ్ ఏం చేసుకోను, కావాల్సింది ఇంటద్దె. ఒక రాత్రి వాట్సాప్‌లో ఆ కాగితాలన్నీ నాకు పంపించి, "ఏమ్మా, నీది విమానాలెక్కించే చదువేగా, ఇది కాస్త చూడు" అన్నారు.

అటాచ్‌మెంట్లలో అటోల్ సర్టిఫికెట్ ఉంది. ఎవరూ తెరవని కాగితం అది. తెరిచి చూస్తే ప్యాకేజ్ సేల్ అని స్పష్టంగా ఉంది. అంటే 2018 నాటి ప్యాకేజ్ ట్రావెల్ నిబంధనలు వర్తిస్తాయి, కంపెనీ రద్దు చేస్తే 14 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, క్రెడిట్ నోట్ తీసుకోవాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టం. నేను ఆవేశంగా పేజీన్నర రాసి, క్లాస్ ఆన్‌లైన్లో అయిపోయాక టీచర్‌కి చూపించా. సగం కొట్టేశారు. బుకింగ్ నంబరు, కట్టిన మొత్తం, రద్దయిన తేదీ, ఏ నిబంధన, ఏ తేదీలోగా కావాలి, అంతే ఉంచమన్నారు. బతిమాలొద్దు, బెదిరించొద్దు, క్రెడిట్ నోట్ ఒప్పుకున్నట్టు పొరపాటున కూడా ఒక్క ముక్క రాయొద్దు, ఫోన్లో ఏం మాట్లాడినా తర్వాత ఈమెయిల్‌గా పెట్టించు అన్నారు. మొదటి ఉత్తరానికి అందరికీ పంపే జవాబే వచ్చింది. రెండోదానికి అదీ లేదు. ఫోన్ చేస్తే మ్యూజిక్. బాబాయ్ మధ్యలో "పోనీలేమ్మా, వచ్చే ఏడాది వెళ్దాం" అని మెత్తబడ్డారు కూడా, పిన్ని ఊరుకోలేదు. చివరికి వేసవిలో ఒక రోజు మొత్తం డబ్బు అకౌంట్లో పడింది, ఒక్క పౌండు తగ్గకుండా. అప్పటికి సీఎంఏ (మార్కెట్లో పోటీ, కస్టమర్ల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) కూడా రీఫండ్ల విషయంలో కంపెనీల వెంట పడుతోంది, కాబట్టి ఘనతంతా నా ఉత్తరానిదే అనను. కానీ ఆ ఉత్తరం లేకపోతే బాబాయ్ క్రెడిట్ నోట్‌కే ఓకే నొక్కేసేవారు, అది మాత్రం ఖాయం.

ఆ తర్వాత ఆయన మా తెలుగు గ్రూపుల్లో నేనేదో లా చదువుతున్నట్టు చెప్పేశారు. ఇక అందరి టికెట్లూ నాకే రావడం. అక్కడ తెలిసింది నా చదువు ఎంతవరకో. ఒకరు ఫ్లైట్ ఒకచోట, బార్సిలోనాలో నాన్ రీఫండబుల్ హోటల్ ఇంకోచోట విడివిడిగా బుక్ చేసుకున్నారు. అది ప్యాకేజీ కాదు, ఫ్లైట్ డబ్బు తప్ప హోటల్ డబ్బు రాలేదు. ఎక్కువమందివి హైదరాబాద్ టికెట్లు, తెలిసిన ఏజెంటు దగ్గర కొన్నవి. లండన్ నుంచి బయల్దేరే విమానం రద్దయితే ఏడు రోజుల్లో రీఫండ్ అని రూలుంది, కానీ మధ్యలో ఏజెంటు ఉంటే ఎయిర్‌లైన్ వాళ్ళు ఏజెంటుని చూపిస్తారు, ఏజెంటు ఎయిర్‌లైన్‌ని చూపిస్తాడు. దాన్ని ఎలా విడదీయాలో మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. మేం చదివిన కేసులన్నిటిలో కుటుంబం బ్రిటిష్‌ది, పాస్‌పోర్టు బ్రిటిష్‌ది, వెళ్ళేది బీచ్‌కి. లండన్‌లో ఇంతమంది ఏటా సొంతూరికి టికెట్ కొనుక్కుంటారన్న ధ్యాసే సిలబస్‌కి లేదు. వీసా అంటే ఒక పేరా.

ఇంకో గుర్రు కూడా ఉంది. రెండేళ్ళ ట్రావెల్ కోర్సులో టికెట్లు బుక్ చేసే సిస్టంలు అమెడియస్ గానీ గెలీలియో గానీ ఒక్కసారి కూడా తెర మీద చూపించలేదు. హైదరాబాద్‌లో చిన్న టికెటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా మొదట నేర్పేది అదే కదా. మేం మాత్రం మార్కెటింగ్ పోస్టర్లు చేశాం, చాలా చేశాం. విమానం లోపలిలా కట్టిన గది ఒకటుండేది, సీట్లు, ట్రాలీ అన్నీ, ఓపెన్ డే రోజు అది చూసే నేను పడిపోయా. కోవిడ్ వల్ల కొంత, తాళం ఎవరి దగ్గరుందో తెలియక కొంత, అందులో కూర్చున్నది తక్కువే. ఉద్యోగంలో చేరాక కమాండ్లు మొదటినుంచి నేర్చుకున్నా, మన కస్టమర్ల ఇంటిపేరు టికెట్‌లో ముందా వెనకా అన్న టెన్షన్‌తో సహా.

ఇప్పుడు నేను ట్రావెల్ ఆఫీసులో కస్టమర్ క్లెయిములే చూస్తున్నా కాబట్టి ఆ పాఠాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానేమో కూడా. అది సిలబస్ గొప్పదనమా, ఆ టీచర్ గొప్పదనమా అంటే రెండోదే అనిపిస్తుంది. ఆవిడ మా తర్వాత కాలేజీ మానేశారు. మా తర్వాతి బ్యాచ్ అమ్మాయిని అడిగితే, అటోల్ అంటే పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అంది.

చేరొచ్చా అని అడిగేవాళ్ళకి నా పరిస్థితి చెప్తా, మీదాంతో పోల్చుకోండి. చేరినప్పుడు నాకు పదహారేళ్ళు, అమ్మానాన్నలతో ఇక్కడే ఉన్నా, ఫీజు లేదు, హీత్రో బస్సు దూరం, ఎ లెవెల్స్ (ఇక్కడి ఇంటర్ లాంటివి) మీద మనసు లేదు. అలాంటివాళ్ళకి ఓకే, యూనివర్సిటీ దారి కూడా మూసుకుపోదు. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కన్సల్టెన్సీ వాళ్ళు ఇదే రకం కోర్సు చూపిస్తుంటే మాత్రం ఆగండి. డిగ్రీకి తక్కువ స్థాయి కోర్సు మీద స్టూడెంట్ వీసాతో వస్తే టర్మ్ టైంలో మహా అయితే వారానికి 10 గంటలే పని, చాలా ఎఫ్‌ఈ కాలేజీల్లో అదీ ఉండదు, అయిపోయాక ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రాదు. ఈ రెండూ వాళ్ళు మీకు చెప్పారో లేదో ముందు చూసుకోండి. ఇక్కడే ఉండి చేరేవాళ్ళయితే ఓపెన్ డేకి వెళ్ళినప్పుడు ఆ విమానం గదిలో సెల్ఫీ తీసుకోండి, పర్లేదు, కానీ పాఠం చెప్పేవాళ్ళు ఎప్పుడైనా కౌంటర్లో పనిచేశారా, బుకింగ్ సిస్టం మీద ప్రాక్టీసు ఉంటుందా అని కూడా అడిగి రండి.