యూరప్‌కి ఇద్దరే వెళ్తే: గ్రూప్ టూరా, సొంతంగా రైళ్లా – ఏది మేలు?

వచ్చే ఏప్రిల్‌లో యూరప్ వెళ్దామని భార్యాభర్తలు అనుకోగానే చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. "డబ్బు కట్టేస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు, టెన్షన్ ఉండదు, గ్రూప్ టూర్‌లో పోదాం" అని ఒకరు. "అక్కడ రైళ్లు అంత బాగుంటాయి కదా, మనమే చూసుకుంటూ తిరుగుదాం" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరూ తమ సూట్‌కేసులు తామే లాక్కుని నడవగలిగితే, ఊరి నుంచి ఊరికి రైలెక్కడం, రైలు వెళ్లని చోట్లకి మాత్రం అక్కడికక్కడ ఒక రోజు టూర్ తీసుకోవడం మేలు. ఈ పద్ధతి అందరికీ సరిపోదు. ఎవరికి సరిపోదో కూడా చెప్తాను.

ఊరికే గాల్లో పోల్చకుండా, మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దారినే తీసుకుందాం: ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. సుమారు రెండు వారాలు.

గ్రూప్ టూర్‌లో నిజంగా దొరికేది

గ్రూప్ టూర్ గొప్పదనమంతా మనం బయల్దేరక ముందే కనిపిస్తుంది. వీసా కాగితాలు సర్దడం, హోటళ్లు, ఇన్సూరెన్స్, లోపలికి వెళ్లే టికెట్లు అన్నీ వాళ్లే చూస్తారు. ఉద్యోగంలో సెలవు దొరకడమే కష్టమైన వాళ్లకి ఇది చిన్న సాయం కాదు. దారిలో పాస్‌పోర్ట్ పోయినా, ఒంట్లో బాగోలేకపోయినా పక్కన టూర్ మేనేజర్ ఉంటాడు. రాత్రికి అన్నం, పప్పు దొరుకుతాయి. పారిస్‌లో రోజంతా నడిచొచ్చాక వేడి వేడి అన్నం కనబడితే కలిగే సంతోషాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

ఇబ్బందంతా బస్సుతోనే. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. మామూలుగా రోజుకి 9 గంటలకి మించి నడపకూడదు. రోడ్డు మీద భద్రతకి అది మంచి నిబంధనే, కానీ మన రోజు మొత్తం దాని చుట్టూ తిరుగుతుంది. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌కి బస్సులో వెళ్తే ఆ రోజు దాదాపు అయిపోయినట్టే. రైల్లో అయితే పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బాసెల్‌కి మూడు గంటలు, అక్కడ రైలు మారితే లూసర్న్‌కి ఇంకో గంట. పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే మధ్యాహ్నానికి సరస్సు ఒడ్డున ఉంటారు.

రెండో ఇబ్బంది హోటల్. పెద్ద బస్సుల్ని పాత ఊళ్ల నడిబొడ్డుకి రానివ్వరు. ఇటలీ నగరాల్లో అయితే పాత వీధుల్లోకి అనుమతి లేని వాహనాలే వెళ్లకూడదు. అందుకే గ్రూప్ హోటళ్లు చాలావరకు ఊరి బయట, హైవేకి దగ్గర్లో ఉంటాయి. యూరప్ ఊళ్ల అందం సాయంత్రాల్లో ఉంటుంది. ఏప్రిల్‌లో రాత్రి ఎనిమిది దాటాక కూడా వెలుతురుంటుంది, ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది మీద వంతెన దగ్గర ఆ వేళలో ఎంతసేపు నిలబడినా చాలదనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయానికి బస్సు మిమ్మల్ని హోటల్‌కి చేర్చేస్తుంది. ఇద్దరే కలిసి చేసే ప్రయాణంలో ఇంతకంటే పెద్ద నష్టం నాకు కనబడదు.

పెద్దవాళ్లకి గ్రూప్ టూరే సుఖం అని అందరూ అంటారు. అది సగమే నిజం. వీసా, భాష, తిండి విషయంలో సుఖమే. కానీ పొద్దున్నే సూట్‌కేసు గది బయట పెట్టాలి, ఏడున్నరకి బస్సెక్కాలి. బస్సు ఆపిన చోటి నుంచి చూడాల్సిన చోటికి గైడ్ వెంట అదే వేగంతో నడవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి "కాసేపు కూర్చుని వద్దాం" అనే వీలు ఉండదు. సొంతంగా వెళ్తే ఆ వీలు ఎప్పుడూ ఉంటుంది. అమ్మానాన్నల్ని పంపించేవాళ్లు ఇది గుర్తుంచుకుని టూర్ ఎంచుకోవాలి. దేశాల సంఖ్య కంటే ఒక్కో హోటల్‌లో ఎన్ని రాత్రులు ఉంచుతున్నారో చూడాలి.

రైళ్లలో వెళ్తే

ఈ దారిలో పెద్ద ప్రయాణాలు అయిదే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పారిస్‌కి యూరోస్టార్‌లో మూడున్నర గంటల లోపే. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ సంగతి పైన చెప్పాను. లూసర్న్ నుంచి మిలాన్‌కి మూడు గంటల పైన, 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల గోటార్డ్ సొరంగం గుండా. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్‌కి రెండు గంటలు, ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి గంటన్నర. గంట ముందు స్టేషన్‌కి చేరాల్సిన పని లేదు, సామాను తూకం లేదు. దిగితే ఊరి మధ్యలోనే దిగుతారు.

టికెట్ల దగ్గర అందరికీ వచ్చే సందేహం యూరైల్ పాస్ కొనాలా వద్దా అని. 33 దేశాల రైళ్లలో చెల్లే పాస్ అది. నెలలో నాలుగు ప్రయాణ రోజులు, అయిదు రోజులు, రెండు నెలల్లో పది రోజులు అని రకరకాలుగా అమ్ముతారు. కానీ ఫ్రాన్స్ టీజీవీ, యూరోస్టార్, ఇటలీ ఫ్రెచ్చారోస్సా లాంటి వేగం రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. యూరోస్టార్‌లో పాస్ వాళ్లకి ఇచ్చే సీట్లు కూడా తక్కువే. పైన చెప్పిన దారిలో తేదీలు ముందే ఖాయమైతే పాస్ అవసరం లేదని నా మాట. మూడు నాలుగు నెలల ముందు విడివిడి టికెట్లు కొంటే సాధారణంగా చవగ్గా వస్తాయి. జర్మనీ, ఆస్ట్రియా ఎక్కువగా తిరుగుతూ, ఈ రోజు ఈ ఊరు నచ్చింది, ఇంకో రోజు ఉందాం అనుకునే వాళ్లకి మాత్రం పాస్ బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే అక్కడ చాలా రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు.

స్విట్జర్లాండ్ లెక్క వేరు. అక్కడ స్విస్ ట్రావెల్ పాస్ వరసగా 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు, ఊళ్లలో ట్రాములు, మ్యూజియంలు అన్నీ అందులోనే. రీగీ కొండ కూడా అందులోనే. అయితే 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్‌కి ఈ పాస్‌తో పైభాగంలో పావు వంతే తగ్గింపు, టికెట్లు సగం ధరకి ఇప్పించే హాఫ్ ఫేర్ కార్డుతో అయితే సగం తగ్గుతుంది. కాబట్టి రోజూ తిరుగుతూ పడవలెక్కే జంటకి ట్రావెల్ పాస్, ఒక ఊళ్లో ఉండి ఒకటి రెండు ఖరీదైన కొండలే ఎక్కే జంటకి హాఫ్ ఫేర్ కార్డు. కాగితం మీద ఒక్కసారి కూడి చూసుకుంటే ఏది లాభమో తేలిపోతుంది.

రైళ్లలో కష్టం లేదని నేను అనను. స్టేషన్లలో కూలీలు ఉండరు. పెట్టె మీరే ఎత్తాలి, పైన మీరే పెట్టాలి. అందుకే ఒక్కొక్కరికి ఒక మధ్యరకం సూట్‌కేసు, ఒక వీపు సంచి చాలు. పారిస్‌లో మీరు దిగేది గార్ దు నోర్‌లో, స్విట్జర్లాండ్ రైలెక్కేది గార్ ద లియోన్‌లో. రెండు స్టేషన్లూ ఒకటి కావు. ఫ్రాన్స్, ఇటలీల్లో సమ్మెలు మామూలే. ఇటలీలో పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పకుండా నడుస్తాయి. తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోవాలి. రోమ్ తెర్మినీ లాంటి పెద్ద స్టేషన్లలో జేబుదొంగలు ఉంటారు, పాస్‌పోర్టులు చొక్కా లోపలి సంచిలో ఉండాలి.

రైలు సరే, మరి టూర్ ఎక్కడ?

పట్టాలు ఉన్న చోటికి టూర్ బస్సు కొనడం డబ్బు దండగ. వెర్సాయ్ రాజభవనానికి పారిస్ నుంచి ఆర్‌ఈఆర్ సీ రైలు వెళ్తుంది. తులిప్ పూల కోకెన్‌హాఫ్ తోటకి ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం నుంచి నేరుగా బస్సులున్నాయి, తోట టికెట్‌తో కలిపి కొనొచ్చు. యుంగ్‌ఫ్రావ్‌కి గ్రిండెల్‌వాల్డ్ నుంచి రోప్‌వే, ఆపైన రైలు.

టూర్ తీసుకోవాల్సింది రెండు సందర్భాల్లో. రైలు సరిగా కలవని పల్లెటూళ్లకి ఒకటి. ఫ్లోరెన్స్ నుంచి సియెనా, సాన్ జిమిన్యానో, మధ్యలో ద్రాక్షతోటలు ఒకే రోజులో చూడాలంటే చిన్న వ్యాన్ టూరే దారి. బస్సులు మారుతూ వెళ్తే రోజంతా స్టాపుల్లోనే గడుస్తుంది. రెండోది, చెప్పేవాళ్లు లేకపోతే అర్థం కాని చోట్లు. వాటికన్ మ్యూజియంలలో గైడ్ లేకుండా నడిస్తే గదుల తర్వాత గదులు, ఆఖర్న సిస్టీన్ చాపెల్‌లో పైకి చూసి బయటికి రావడం, అంతే అవుతుంది. మైకెలాంజెలో ఆ కప్పు మీద ఏం గీశాడో, ఎందుకు గీశాడో విన్నాక చూస్తే అదే గది వేరుగా కనబడుతుంది. కొలోసియం కూడా అంతే. ఇక్కడ గైడ్‌కి పెట్టిన డబ్బు గురించి ఎప్పుడూ బాధపడరు.

వసంతంలో వెళ్తున్నారు కాబట్టి

కోకెన్‌హాఫ్ మార్చి రెండో సగం నుంచి మే రెండో వారం వరకే తెరిచి ఉంటుంది, పూలు నిండుగా ఉండేది సాధారణంగా ఏప్రిల్ మధ్యలో. అందుకే ఆమ్‌స్టర్‌డామ్‌తో మొదలుపెట్టి దక్షిణానికి దిగడం మంచిది, ఎండ కూడా మీతోపాటే పెరుగుతూ వస్తుంది. ఏప్రిల్ 27 నెదర్లాండ్స్‌లో రాజు పుట్టినరోజు వేడుక, ఆ రోజు సామానుతో ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగకండి. ఈస్టర్ వారంలో రోమ్ కిక్కిరిసి ఉంటుంది, వాటికన్ మ్యూజియంలు ఈస్టర్ రోజూ ఆ మర్నాడూ మూసేస్తారు. 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది, అంటే ఆ ఏడాది ఏప్రిల్ మధ్యలో వెళ్లేవాళ్లకి ఈ రద్దీ తప్పుతుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకి మంగళవారం సెలవు, వెర్సాయ్‌కి సోమవారం. స్విట్జర్లాండ్‌లో కొన్ని రోప్‌వేలు ఏప్రిల్‌లో మరమ్మతులకి ఆపేస్తారు, మీరనుకున్న కొండ తెరిచి ఉందో లేదో చూశాకే హోటల్ తీసుకోండి. గ్రూప్ టూర్‌లో ఈ తేదీలన్నీ వాళ్లు చూసుకుంటారు, రైళ్లలో వెళ్తే మీరు చూసుకోవాలి.

తిండి గురించి అందరూ అనవసరంగా భయపడతారు. పెద్ద ఊళ్లన్నిట్లో భారతీయ హోటళ్లున్నాయి, సూపర్‌మార్కెట్లలో పెరుగు, పళ్లు, రొట్టె దొరుకుతాయి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే రాత్రికి అన్నం మీరే వండుకోవచ్చు. పచ్చళ్లు, పొడులు, ఉప్మా ప్యాకెట్లు పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు పాల పదార్థాలు, మాంసం తేకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన.

డబ్బు, వీసా

ఖర్చు పోల్చేటప్పుడు ప్యాకేజీ రేటు ఒక్కటే చూడకూడదు. విమానం టికెట్ అందులో ఉందా, మధ్యాహ్నం భోజనాలు ఉన్నాయా, "ఆప్షనల్" అని రాసిన కొండలు, పడవల ఖర్చు ఎంత, అన్నీ అడగాలి. విదేశీ ప్యాకేజీల మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పడుతుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. సొంతంగా వెళ్తే ఖర్చు ఎక్కువయ్యేది ఊరి మధ్య హోటళ్ల దగ్గరే.

ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకటే ఉండే షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే వేయాలి, అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. వేసవి దగ్గర పడేకొద్దీ హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది. లండన్ కూడా కలుపుకోవాలంటే అది వేరే వీసా, వేరే ఖర్చు. మొదటిసారి వెళ్లే జంట దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

ఫోన్‌లో టికెట్ చూపించడం, ప్లాట్‌ఫామ్ మారితే గబగబా వెతుక్కోవడం ఇద్దరిలో ఒక్కరికైనా అలవాటు లేకపోతే, ప్రయాణంలో చిన్న తేడా వచ్చినా ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కునే రకమైతే గ్రూప్ టూర్ తీసుకోండి, హాయిగా వెళ్లి రండి. నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ తిరగడం ఇష్టమైన వాళ్లకీ అదే మంచిది. మిగతా జంటలకి రైలే.

రైలు అనుకున్నవాళ్లకి పనుల వరస ముఖ్యం. ముందు వీసా అపాయింట్‌మెంట్ ఏ తేదీకి దొరుకుతుందో చూడండి. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి రోమ్ నుంచి తిరిగొచ్చేలా విమానం టికెట్, దీనివల్ల వెనక్కి వెళ్లే ఒక రోజు మిగులుతుంది. హోటళ్లు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. రైలు టికెట్లలో అన్నిటికంటే చవకవి వెనక్కి ఇవ్వరు, వీసా చేతికి రాకముందు అవి కొనొద్దు. ఎక్కువ గిరాకీ ఉండే యూరోస్టార్, పారిస్–బాసెల్ రైళ్లకి మాత్రం కొంచెం ఎక్కువ పెట్టయినా మార్చుకునే టికెట్లు ముందే తీసుకోండి. ఇటలీ టికెట్లు వీసా వచ్చాక కొన్నా సీట్లు దొరుకుతాయి. స్విట్జర్లాండ్ లోపలి మామూలు రైళ్లకి ముందు కొనాల్సిన తొందరే లేదు.