లినక్స్‌లో ‘పర్మిషన్ డినైడ్’ (అనుమతి లేదు) వస్తే: సుడోతో తెరవాలా, ఫైల్ ఓనర్‌ని మార్చాలా?

శ్రమ: ఆదేశాన్ని అడ్మిన్ అధికారంతో నడిపే సుడోకి, దాని ముందు ఒక్క పదం చాలు. ఫైల్ ఓనర్‌ని మార్చే చౌన్ ఆదేశం వాడాలంటే ముందు ఫైల్ ఎవరి పేరున ఉందో చూడాలి. మార్చడానికి ఆ ఒక్కసారి సుడో కూడా కావాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సుడోతో తెరిచిన యాప్ మీ హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగుల ఫైళ్లను రూట్ (అడ్మిన్ ఖాతా) పేరున రాసేయవచ్చు. తర్వాత మామూలుగా తెరిస్తే అదే యాప్ మొరాయిస్తుంది. మళ్లీ సుడో, మళ్లీ టెన్షన్! చౌన్‌ని మాత్రం ఆ యాప్ సెట్టింగుల ఫోల్డర్ వరకే వాడండి. సిస్టమ్ ఫోల్డర్ల మీద వాడితే సుడోనే పనిచేయకుండా పోవచ్చు.

హోమ్‌లోని ఫైళ్లు రూట్ పేరున ఉంటే చౌనే సరైనది. ప్యాకేజీల ఇన్‌స్టలేషన్‌కి సుడో. డౌన్‌లోడ్ చేసిన యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే ఒకే ఫైల్ యాప్) తెరుచుకోకపోతే రెండూ వద్దు, ఫైల్ అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్‌తో ఎగ్జిక్యూట్ (నడిపే) అనుమతి ఇచ్చి చూడండి.