తవ్వకంలో ఒక రోజంతా వాడి చూశాక: నాలుగంగుళాల తాపీ

తాపీకి కూడా రివ్యూ ఏమిటి, మేస్త్రీ చేతిలో సిమెంటు పూసేదేగా అనుకుంటారేమో. పురావస్తు తవ్వకంలో రోజంతా మోకాళ్ల మీద కూచుని చేత్తో పట్టుకునేది దాన్నే. పార, పలుగు పైమట్టి తీసేదాకే. అసలు పని మొదలయ్యాక వాటిని పక్కన పెట్టేస్తారు.

నా మొదటి తాపీ కథ మూడు రోజుల్లోనే ముగిసింది. చూడ్డానికి బాగానే ఉంది, రేకు మెరుస్తోంది, కానీ రేకుని, పిడిలోకి వెళ్లే మెడని వేరువేరుగా చేసి వెల్డింగ్‌తో అతికించారు. మూడో రోజు మట్టిలో ఇరుక్కున్న చిన్న రాయిని దాంతో ఎత్తబోయాను, అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇలా అతికించి చేసే తాపీలన్నిటికీ బలహీనమైన చోటు అదే. ఇటుకలకి సిమెంటు పూసేటప్పుడు మెడ మీద అంత బరువు పడదు. గట్టిపడ్డ నేలని రోజంతా గీకితే ప్రతి లాగుడూ ఆ అతుకు మీదే పడుతుంది.

కాబట్టి కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదొక్కటే: రేకు, మెడ కలిపి ఒకే ఉక్కు ముక్క నుంచి సాగగొట్టి చేసిందా కాదా. బ్రిటన్‌లో తవ్వేవాళ్లు ఎక్కువగా డబ్ల్యూహెచ్ఎస్ నాలుగంగుళాల తాపీ వాడతారు. ఆ అక్షరాలు విలియం హంట్ అండ్ సన్స్ అనే పాత కంపెనీ పేరువి, అయితే తవ్వకాల్లో వాళ్లు సరదాగా ‘వర్క్ హార్డ్ ఆర్ స్టార్వ్’, అంటే ‘ఒళ్లొంచి పనిచెయ్, లేదా పస్తులుండు’ అని అర్థం చెప్పుకుంటారు. అమెరికాలో మార్షల్‌టౌన్ వాళ్ల తాపీకి పేరు. 1890లో మొదలైన కంపెనీ, అక్కడ అయిదంగుళాలది వాడేవాళ్లు చాలామంది. నేను రెండోసారి కొన్నది డబ్ల్యూహెచ్ఎస్. ఇక నుంచి చెప్పేదంతా దాని గురించే.

పొద్దున్నే ట్రెంచ్ (తవ్వే గొయ్యి) మీద కప్పిన పట్టా తీసి, నిన్న ఆపిన చోట పైన పేరుకున్న దుమ్ము తీయాలి. నేను కూచోగానే తాపీ మొనతో పొడవడం మొదలుపెట్టాను, అలవాటు ప్రకారం. మా ట్రెంచ్ చూసే మేడమ్ వచ్చి, “అది తవ్వేది కాదయ్యా, గీకేది. మొన వదిలెయ్, అంచుతో లాగు” అన్నారు. రేకుని కాస్త వాలుగా పట్టుకుని, పక్క అంచుతో మట్టిని పల్చగా చెక్కుతూ మన వైపు లాక్కోవాలి. అలా వెనక్కి జరుగుతూ పోవాలి, శుభ్రం చేసిన చోట మళ్లీ మోకాలు పెట్టకూడదు. ఊడిన మట్టి చేటలోకి, చేట గమేళాలోకి, గమేళా జల్లెడ దగ్గరికి. మన భాషలో ఈ పనిముట్టుకి తాపీ అని పేరు ఎవరు పెట్టారోగానీ, తాపీగా చేస్తేనే పనిచేస్తుంది.

దీని విలువ నాకు తెలిసింది పదకొండు గంటల ప్రాంతంలో. అప్పటిదాకా నేలంతా ఒకటే గోధుమ రంగు. అంచుకి ఆకురాయి పెట్టి రెండు పక్కలా రుద్దాక, అదే చోట మళ్లీ ఒకసారి లాగితే మధ్యలో గుండ్రంగా ఒక నల్లటి మచ్చ తేలింది. కంటి కన్నా ముందు చేతికి తెలిసింది. చుట్టూ మట్టి గరగరమంటూ ఊడుతుంటే మచ్చ మీద చప్పుడే లేదు, వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా పోయింది. నీళ్లు కొంచెం చిలకరించి చూస్తే రంగు ఇంకా స్పష్టంగా కనపడింది. మన్సెల్ రంగుల పుస్తకం తెచ్చి, తడి మట్టిముద్దని ఆ చిన్న గళ్ల పక్కన పట్టుకుని చూశాం. అందులోని రంగు కోడ్ ప్రకారం చుట్టూ ఉన్నది 10వైఆర్ 5/4, మచ్చ 10వైఆర్ 3/2, అంటే ఇంకా ముదురు. నేను నల్లచలవ అద్దాలు పెట్టుకుని చూస్తుంటే తీసెయ్యమన్నారు, న్యాయమే.

అది ఎప్పుడో ఎవరో తవ్వి తర్వాత పూడ్చిన గుంత. ఇక్కడే అంచు పదునుగా ఉన్న తాపీకి, మొద్దు తాపీకి తేడా. కింద పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రం 1669లోనే స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త రాశాడు, అందరం దాన్నే నమ్ముకుంటాం. కానీ గుంత ఆ లెక్కని చెడగొడుతుంది. పైనుంచి తవ్వి పాత పొర లోపలికి దిగారు కాబట్టి, లోతులో పాత పొరతో సమానంగా ఉన్నా లోపలి మట్టి కొత్తది. మొద్దు తాపీ అయితే రంగుని నేల మీద పులిమేస్తుంది, గుంత అంచు కనపడదు, అందులోని కుండపెంకులు పాత పొర సంచిలోకి పోతాయి. ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కి పంపినా లాభం లేదు. అందుకే గుంత కోతకి ఒక నంబరు, నింపిన మట్టికి ఇంకో నంబరు. 1973లో హారిస్ అనే ఆయన పెట్టిన గళ్ల పటంలో ఏది ముందు, ఏది తర్వాత అని గీసుకుంటూ పోతారు. మేము గుంతలో సగం మాత్రమే తీశాం, మిగతా సగం అడ్డంగా కోసినట్టు నిలబడి కనిపించడానికి. ఆ సగానికే మధ్యాహ్నం దాకా పట్టింది, దొరికింది పన్నెండు పెంకులు, కాస్త బూడిద. బంగారం దొరికిందా అని ఇంటికెళ్లాక అందరూ అడుగుతారు, అది వేరే సంగతి.

అన్నిటికీ ఇదే పనిముట్టు అనుకోకండి. గుంత అడుగున చిన్న ఎముక కనపడగానే తాపీ పక్కన పెట్టించారు. ఉక్కు తగిలితే ఎముక మీద గీత పడుతుంది, తర్వాత చూసేవాళ్లకి అది పాత కత్తి గాటా, మన తాపీ గాటా తెలియకుండా పోతుంది. అక్కడ వెదురు పుల్ల, మెత్తటి కుంచె. బొగ్గు ముక్కలకి మాత్రం తాపీ మొన పనికొచ్చింది, ముందు శుభ్రంగా తుడిచి, చెయ్యి తగలకుండా ముక్కని లేపి అల్యూమినియం కాగితంలో పెట్టడానికి. వాటిని వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకి పంపుతారు కాబట్టి కొత్త చెత్త ఏదీ అంటకూడదు.

మధ్యాహ్నం తర్వాత గోడలు. చదరాలుగా తవ్వి మధ్యలో గట్లు వదిలే పద్ధతి మార్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పేరుతో వాడుకలోకి వచ్చింది. పొరలన్నీ ఒకదాని మీద ఒకటి కనిపించేది ఆ గట్ల గోడల్లోనే. గోడ నిట్టనిలువుగా ఉండాలి, దారానికి గుండు కట్టి వేలాడదీసి చూసుకుంటూ పైనుంచి కిందికి చెక్కాలి. ఈ తాపీ నిజంగా సుఖమనిపించింది ఇక్కడే: చిన్నది కాబట్టి మూలల్లోకి దూరుతుంది, రేకు గట్టిది కాబట్టి వంగదు. తర్వాత ఒకటికి పది స్కేలులో బొమ్మ గీయడం, అందులో తాపీకి పని లేదు.

ఇక ఇబ్బందులు. అరచేతి మధ్యలో పిడి వెనక కొస గుచ్చుకునే చోట సాయంత్రానికి బొబ్బ లేచింది. ఇది ఏ తాపీకైనా తప్పదట, చేయి అలవాటు పడేదాకా గుడ్డ చుట్టుకోవాలి. నాకైతే బొబ్బ కన్నా మణికట్టు నొప్పే ఎక్కువ. పట్టు గట్టిగా బిగించడం వల్ల, తప్పు నాదే. పదును కూడా ఒక్కసారితో అయిపోదు, రాళ్లున్న మట్టి అయితే పూటకోసారి ఆకురాయి తీయాల్సిందే. అలా అరగ్గా అరగ్గా నాలుగంగుళాలు మూడవుతుంది. మేడమ్ దగ్గరున్నది ఎన్నేళ్లదో గానీ రేకు ఆకులా చిన్నదైపోయింది, అయినా ఎవరికీ అరువివ్వరు. అడిగి చూశాను.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. పెద్ద విస్తీర్ణం త్వరగా శుభ్రం చేయాలంటే అయిదంగుళాలది మేలు, ఆ అర మార్కు అందుకే తగ్గించాను. గుంతలు, మూలలు, గోడలు ఉన్న ట్రెంచ్ అయితే ఇది చాలు.

అన్నట్టు, కొనగానే పిడికి మంచి ఎర్ర టేపు చుట్టి పేరు రాసుకోండి. ఆ సాయంత్రం నాది గమేళాలో మట్టితో పాటు వెళ్లి దిబ్బ మీద పడింది. మట్టి రంగు పిడి, మట్టి పట్టిన రేకు, మట్టి దిబ్బ. నలుగురం నలభై నిమిషాలు వెతికాం, అది కూడా తాపీలతో గీకి.