పిల్బరా రాళ్ల కంటే ముందు హామెలిన్ పూల్

నన్నడిగితే, పశ్చిమ ఆస్ట్రేలియాలో తొలి జీవుల ఆనవాళ్లు చూడాలనుకునేవాళ్లు నేరుగా ఉత్తరాన ఉన్న పిల్బరా ప్రాంతానికి వెళ్లొద్దు. దారిలో షార్క్ బే దగ్గర ఆగి, హామెలిన్ పూల్‌లో ఇంకా బతికే ఉన్న స్ట్రొమటోలైట్లను (సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టే రాతి దిబ్బలను) చూశాకే పిల్బరాకు వెళ్లాలి. అక్కడి నీళ్లలో ఉప్పు మామూలు సముద్రానికి దాదాపు రెట్టింపు. అందుకే సూక్ష్మజీవుల పొరలను మేసే నత్తల్లాంటివి పెద్దగా బతకవు. ఆ పొరలు ఇసుకను పట్టుకుంటూ ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు. ఒకప్పుడు ఉన్ని మోసిన బండ్లు వాటి మీద చేసిన చక్రాల గాట్లు నేటికీ పూడలేదు! 2021 ఏప్రిల్‌లో సెరోజా తుపాను అక్కడి నడకవంతెనను దెబ్బతీసింది కాబట్టి, ఎంతవరకు వెళ్లనిస్తున్నారో బయల్దేరే ముందే కనుక్కోండి.

పిల్బరాలో మేం దిగిన మార్బుల్ బార్ చిన్న ఊరు. బస అంటే హోటలో, కారవాన్ పార్కో. మేం దిగినచోట ఏసీ రాత్రంతా గొణుగుతూనే ఉంది, కానీ మంచాలు శుభ్రం, మనుషులు మర్యాదస్తులు. కూంగన్ నదికి అడ్డంగా ఉన్న జాస్పర్ (రంగురంగుల గట్టి రాయి) బండ మీద సీసాడు నీళ్లు పోస్తే ఎరుపు, తెలుపు, బూడిదరంగు చారలు ఒక్కసారిగా తేలతాయి. ఫొటోలకు బ్రహ్మాండం. అయితే అవి స్ట్రొమటోలైట్లు కావు, చాలామంది పొరబడతారు.

అసలు సరుకు ఊరికి పడమరన ఉంది: 348 కోట్ల ఏళ్ల నాటి డ్రెస్సర్ శిలలు, 343 కోట్ల ఏళ్ల నాటి స్ట్రెల్లీ పూల్ శిలలు. తుప్పురంగు రాతిలో అలలు అలలుగా సన్నటి గీతలు, కొన్నిచోట్ల శంకువులు. స్ట్రెల్లీ పూల్‌లో ఇలాంటి ఆకారాలు ఏడు రకాలని 2006లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఉత్త రసాయన చర్యలతో ఇంత వైవిధ్యం రాదన్నది వాళ్ల వాదన. డ్రెస్సర్‌లో నేల మీది వేడినీటి బుగ్గల దగ్గర ఏర్పడే గీజరైట్ అనే రాయి దొరికిందని 2017లో ప్రకటించారు. అంటే జీవం అప్పటికే నేల మీద కూడా ఉండి ఉండాలి. అంగారకుడి మీద ఏం వెతకాలో నేర్చుకోవడానికి 2019లో నాసా శాస్త్రవేత్తలు ఇక్కడికే వచ్చారు. హామెలిన్ చూడకపోతే నాకైతే ఇదంతా ఉత్త తుప్పులాగే కనిపించేది.

భూగర్భశాస్త్రం తెలిసిన తోడు లేకుండా ఇటు వెళ్లడం దండగ. కొన్ని చోట్లు రక్షిత స్థలాలు, రాయి ముక్క కూడా తీయకూడదు. మేం కారు తీసుకున్న అద్దె సంస్థ కంకరరోడ్డు ఎక్కొద్దని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసింది, ఫోర్‌వీల్ బండికి మళ్లీ డబ్బు కట్టాం. మే నుంచి ఆగస్టు లోపు వెళ్లండి. 1923-24లో ఇక్కడ వరుసగా 160 రోజులు ఎండ 37.8 డిగ్రీలకు తగ్గలేదు.