పోగులను పట్టే వాషింగ్ మెషీన్ సంచి: వాడాక నా అభిప్రాయం

మహాసముద్రాల్లోకి నేరుగా సూక్ష్మ రూపంలో చేరే ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం సింథటిక్ బట్టల ఉతుకుడు నుంచే వస్తోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2017లో అంచనా వేసింది. మా ఇంట్లో పాలియెస్టర్ చీరలు, ఆటల టీషర్టులు ఎక్కువ కాబట్టి, వాటిని వేసి మెషీన్‌లో ఉతికే ఈ నైలాన్ వల సంచిని కొన్నాను.

దీని వల కన్ను 50 మైక్రాన్లని (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కవరు మీద రాశారు. సముద్ర ఉపరితల జలాల్లో ప్లాస్టిక్ నమూనాలు సేకరించే మాంటా వల కన్ను సాధారణంగా 300 మైక్రాన్లకు పైనే ఉంటుంది. అందువల్ల బట్టల నుంచి ఊడిన సన్నని పోగులు చాలావరకు అందులోంచి జారిపోయి లెక్కకు రావు. పైగా పాలిథిన్, పాలీప్రొపిలీన్ ముక్కలు నీటిపై తేలితే, సముద్రపు నీటికన్నా సాంద్రత ఎక్కువైన పాలియెస్టర్ క్రమంగా అడుగుకు దిగుతుంది. కడలిలో కలిశాక ఏరడం అసాధ్యమైన ఈ చెత్తను ఇంట్లోనే ఆపాలన్నది నా గట్టి నమ్మకం.

ఉతికిన తర్వాత సంచి మూలల్లో, కుట్టు వెంబడి బూడిదరంగు నూగు పేరుకుంటుంది. ఆరనిచ్చి వేళ్లతో తీసి చెత్తబుట్టలో వేయాలి. కుళాయి కింద కడిగితే కొన్న ప్రయోజనమే పోతుంది. ఈ సూచనను కవరు మీద మరీ చిన్న అక్షరాల్లో ముద్రించడం నాకు నచ్చలేదు. మూడింట రెండు వంతులకు మించి నింపితే సబ్బు సరిగా వదలడం లేదు, దుప్పట్లు అసలు పట్టవు. జిప్పు మాత్రం గట్టిగా ఉంది.

కొత్త వాషింగ్ మెషీన్లకు 2025 నుంచి ఇలాంటి వడపోత ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టంలో రాసింది. మన దగ్గర అలాంటి నిబంధన వచ్చేదాకా ఈ సంచి కొనదగినదే. నలుగురున్న ఇంటికి పెద్ద సైజు తీసుకోండి.