గుండె వైఫల్యానికి వ్యాయామ చికిత్స: నాన్నగారి 12 వారాల అనుభవం

ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో స్పందనకు గుండె ఎడమ గది బయటకు పంపే రక్తం శాతం) 30 శాతానికి పడిపోయిన మా నాన్నగారిని మంచం దిగనివ్వకూడదని బంధువులంతా అంటున్న రోజుల్లో, కార్డియాలజిస్టు సలహాపై ఆయనను విజయవాడలో గుండె రోగులకు పర్యవేక్షణలో వ్యాయామం చేయించే ఒక కార్డియాక్ రిహాబిలిటేషన్ కేంద్రంలో చేర్పించాము. వారానికి 3 రోజుల చొప్పున 12 వారాలు శిక్షణ సాగింది.

నాకు బాగా నచ్చినది వారి జాగ్రత్త. ప్రతిసారీ ముందుగా బరువు, రక్తపోటు చూసేవారు. రెండు మూడు రోజుల్లోనే 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించేవారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో నాడి వేగం ఒక్కటే సరైన కొలత కాదు కనుక, 6 నుంచి 20 వరకు ఉండే బోర్గ్ కొలమానంపై (అంకె పెరిగేకొద్దీ శ్రమ ఎక్కువని అర్థం) ఆయాసాన్ని ఆయన చేతే చెప్పించి, మాట్లాడుతూ నడవగలిగినంత వేగానికే ట్రెడ్‌మిల్‌ను పరిమితం చేసేవారు.

మొదట్లో 6 నిమిషాల నడక పరీక్షలో రెండుసార్లు ఆగి 210 మీటర్లు నడిచిన నాన్నగారు, చివరి వారంలో ఆగకుండా 320 మీటర్లు నడిచారు. ఇప్పుడు పాలప్యాకెట్లు ఆయనే తెస్తున్నారు.

అయితే వ్యాయామం మందులకు ప్రత్యామ్నాయం కాదు. 2,331 మంది రోగులతో జరిగి 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ పరిశోధనలోనూ వ్యాయామం సురక్షితమేనని తేలింది గాని, మరణాలు, ఆసుపత్రి చేరికలపై దాని ప్రభావం స్వల్పమే.

లోపాలూ ఉన్నాయి. ఇంట్లో చేయవలసిన వ్యాయామాల పుస్తకం ఇంగ్లిషులోనే ఇచ్చారు. అమ్మ కోసం నేనే తెలుగులో రాసిపెట్టాను. సాయంత్రపు వేళలు లేకపోవడం ఉద్యోగస్తులకు ఇబ్బందే.