కోవళం అలలకు ఏ ఫిన్ బాక్సు? పవర్ బాక్సా, యూఎస్ బాక్సా?

చెన్నై కోవళంలో విండ్‌సర్ఫింగ్‌కి (తెరచాప ఉన్న బోర్డుపై గాలితో సాగే ఆట) పాత బోర్డు కొనేవాళ్లు ముందు ఫిన్ బాక్సు, అంటే బోర్డు అడుగున ఉండే రెక్కలాంటి ఫిన్‌ను బిగించే గూడు, ఏ రకమో చూసుకోవాలి. ఒకదాని ఫిన్ మరొకదానికి పట్టదు.

పవర్ బాక్సులో ఫిన్ తలను అడుగునుంచి దూర్చి, బోర్డు పైనుంచి ఒకే 6 మి.మీ. బోల్టుతో బిగిస్తారు. తల లోపలికి సన్నబడుతూ పోతుంది కనుక అతిగా బిగిస్తే ఫిన్ ఇరుక్కుంటుంది, బాక్సూ చీలొచ్చు. తీసేటప్పుడు బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసి, స్క్రూడ్రైవర్‌ను దాని తలపై పెట్టి పిడిమీద మెల్లగా తట్టాలి. ఫిన్‌ను పట్టుకుని అటూఇటూ ఊపితే బాక్సు అంచులు పోతాయి.

యూఎస్ బాక్సు పొడవాటి గాడి. మధ్య సందులోంచి మర ఉన్న చిన్న పలక వేసి ముందుకు జరపాలి. ఫిన్ వెనక పిన్నును అదే సందులో దింపి వెనక్కి తోసి, ముందు స్క్రూ బిగించాలి. పలక ఇసుకలో పడితే ఇక దొరకదు, రెండు అదనంగా ఉంచుకోండి. కానీ ఫిన్‌ను జరుపుకునే వీలు దీనికే ఉంది: ముందుకైతే బోర్డు చురుగ్గా తిరుగుతుంది, వెనక్కైతే నేరుగా పోతుంది. అలలకు ఇదే మా ఓటు, పెద్ద ఫిన్‌కు మాత్రం పవర్ బాక్సు.

ఏదైనా సరే, ఉప్పునీళ్ల తర్వాత మంచినీళ్లతో కడగాలి. తుప్పు పట్టిన స్క్రూ మర పోతే పెద్ద తలనొప్పి.